నెత్తురు కనబడితే మొలలేనని సరిపెట్టుకోవద్దు

తెల్లారి లేచి కొట్టంలోకి పోగానే రైతు ముందు చూసేది ఎడ్ల పేడను. పేడ పలచబడితే మేత ఎక్కడో తేడా కొట్టిందనుకుంటాడు. గట్టిపడితే నీళ్లు సరిగా తాగలేదనుకుంటాడు. జిగటగానీ నెత్తురు చారగానీ కనబడితే ఆ పూటే పశువుల డాక్టరుకు ఫోన్ చేస్తాడు. ఈ అలవాటు మనకు ఎవరూ బడిలో నేర్పలేదు. ఎడ్లు పడిపోతే సేద్యం పడిపోతుందని తెలుసు కాబట్టి వచ్చింది.

అదే రైతుకు తన మలంలో నెత్తురు కనబడితే మాత్రం నెలల తరబడి నోరు విప్పడు. మా పెద్దన్న రెండు నెలలు కట్టుకున్న మనిషికి కూడా చెప్పలేదు. అసలు జబ్బేమిటో తేలేసరికి తొమ్మిది నెలలు గడిచిపోయాయి. ఈ పత్రికలో మనం పత్తి ధర గురించి, కాళేశ్వరం బ్యారేజీల వెనుక నీళ్లతో మునిగిన చెన్నూరు, కోటపల్లి పొలాల గురించి, కౌలు రైతు గోస గురించి రాసుకుంటూ వస్తున్నాం. ఈసారి పేగు క్యాన్సర్ గురించి రాస్తున్నాను. ఇంటి విషయం బయట పెడుతున్నావేమిటని మా వాళ్లలో కొందరు అన్నారు. వదిన మాత్రం రాయమంది. "ఆయన దాచుకుంటనే పోయిండు. ఇంకొకలు దాచుకోకుంట రాయి మరిదీ" అన్నది.

అన్నకు అప్పుడు 54 ఏళ్లు. నాలుగెకరాల్లో పత్తి వేసిన ఏడాది అది. కలుపు తీసే రోజుల్లో మొదటిసారి నెత్తురు చూశాడు. ఎండలో తిరిగి మందు కొట్టాను, వేడి చేసింది అనుకున్నాడు. మజ్జిగ తాగాడు, సబ్జా గింజలు నానబెట్టుకుని తాగాడు. తగ్గినట్టే తగ్గి మళ్లీ కనబడింది. దసరాకు వదినకు చెప్పాడు. ఊళ్లో వైద్యం చేసే ఆయన "మొలలే" అని గోలీలు, పూత మందు ఇచ్చాడు. పత్తి ఏరే కాలమంతా అలాగే నడిచింది. సంక్రాంతికల్లా మనిషి నీరసించాడు. బావి గడ్డ ఎక్కితే దమ్ము వచ్చేది. నెత్తురు పోతోంది కదా అని బలానికి టానిక్ తాగాడు. ఆ తర్వాత పట్నంలో మొలలకు గ్యారంటీ వైద్యం అని బోర్డు పెట్టుకున్న చోట వేల రూపాయలు కట్టి ఇంజెక్షన్లు వేయించుకున్నాడు. వైశాఖంలో కడుపు ఉబ్బి, వాంతులు పట్టి, గాలి కూడా బయటికి పోక గిలగిలలాడుతుంటే రాత్రికి రాత్రి హైదరాబాద్ తీసుకుపోయాం.

అక్కడ ఆపరేషన్ చేసిన డాక్టరమ్మ నన్ను పక్కకు పిలిచి ఒకే మాట అడిగింది: "ఇన్ని నెలల్లో ఎవరైనా మలద్వారంలో వేలు పెట్టి పరీక్ష చేశారా?" ఎవరూ చేయలేదు. గడ్డ మలద్వారానికి బాగా దగ్గరలోనే ఉంది. వేలికి తగిలేంత దూరంలోనే ఉంది. పైసా ఖర్చు లేని, రెండు నిమిషాల పరీక్ష అది. అప్పటికి జబ్బు కాలేయానికి పాకింది. మళ్లీ దసరా వచ్చేసరికి అన్న లేడు.

నేను ఒక్క వైద్యుణ్ణి నిందించడానికి ఇది రాయడం లేదు. చెప్పుకోలేకపోయిన అన్నది, అడగని మాది, చూడకుండానే మందు ఇచ్చిన వాళ్లది, పరీక్ష ఏర్పాటు చేయని సర్కారుది, అందరిదీ ఇందులో పాలు ఉంది. కానీ ఈ నాలుగింటిలో మనం రేపటి నుంచే సరిదిద్దుకోగలిగినవి రెండు ఉన్నాయి. మిగతా రెండింటి కోసం కొట్లాడాలి.

గుర్తించాల్సిన లక్షణాలు

పెద్దపేగు మనిషి కడుపులో సుమారు ఐదడుగుల పొడవు ఉంటుంది. దాని చివరి భాగం మలాశయం. ఈ పేగు లోపలి పొర మీద ముందు చిన్న బుడిపె లేస్తుంది. దాన్ని డాక్టర్లు పాలిప్ అంటారు. అన్ని బుడిపెలూ క్యాన్సర్ కావు. అయ్యేవి కూడా చాలావరకు పదేళ్ల దాకా సమయం తీసుకుంటాయి. గులాబీ రంగు పురుగు కాయ లోపల తింటుంటే పైకి కాయ పచ్చగానే కనబడుతుంది. అందుకే మనం లింగాకర్షక బుట్టలు పెట్టి, వరుసగా మూడు రాత్రులు బుట్టకు ఎనిమిదేసి రెక్కల పురుగులు పడితే మందు కొట్టాలని నేర్చుకున్నాం. పేగు జబ్బు కూడా లోపల ముదిరి, పైకి ఆలస్యంగా కనబడుతుంది. అయినా కొన్ని గుర్తులు ఇస్తుంది. వాటిని ఇంట్లో ఆడా మగా అందరూ తెలుసుకోవాలి.

మొదటిది నెత్తురు. ఎర్రగా చుక్కలు పడవచ్చు, మలంతో కలిసి ముదురు రంగులో రావచ్చు, జిగటతో కలిసి రావచ్చు. తారులా నల్లగా, జిగురుగా వచ్చినా అది కడుపులో ఎక్కడో నెత్తురు పోతున్న గుర్తే కావచ్చు. ఐరన్ గోలీలు వేసుకునే వాళ్లకు కూడా మలం నల్లబడుతుంది కాబట్టి ఆ సంగతి డాక్టరుకు చెప్పాలి.

రెండోది అలవాటు మారడం. రోజూ ఒక వేళకు సాఫీగా అయ్యే మనిషికి మూడు వారాలకు మించి విరేచనాలు గానీ మలబద్ధకం గానీ, లేదా ఒకదాని తర్వాత ఒకటిగా రెండూ గానీ ఉంటే అది మామూలు అజీర్తి అనుకోవద్దు. మలం సన్నగా రావడం, పోయి వచ్చినా ఇంకా ఉన్నట్టే అనిపించి మళ్లీ మళ్లీ చెంబు పట్టుకోవడం కూడా ఇందులోకే వస్తాయి. జిగట విరేచనాలని మందు తెచ్చుకుని వాడినా తగ్గకపోతే అదే మందు మూడోసారి తెచ్చుకోవద్దు.

మూడోది నీరసం, నెత్తురు తక్కువ కావడం. పెద్దపేగు కుడి వైపున గడ్డ ఉంటే కంటికి నెత్తురు కనబడకపోవచ్చు. రోజూ కొంచెం కొంచెంగా మలంలో కలిసి పోతుంది. మనిషి పాలిపోతాడు, దమ్ము వస్తుంది. మగవాళ్లకు గానీ, ముట్లు ఆగిపోయిన ఆడవాళ్లకు గానీ నెత్తురు తక్కువ ఉందని తేలితే గోలీలు రాయించుకుని ఊరుకోవద్దు. ఆ నెత్తురు ఎటు పోతోందని అడగాలి. మా అన్నకు సంక్రాంతినాడు ఈ ప్రశ్న ఎవరూ వేయలేదు.

నాలుగోది ఆగి ఆగి వచ్చే కడుపు నొప్పి, ఉబ్బరం, కడుపులో చేతికి తగిలే గడ్డ. ఐదోది కారణం లేకుండా బరువు తగ్గడం, ఆకలి చచ్చిపోవడం. లుంగీ ముడి వదులైందనో, జాకెట్లు వదులయ్యాయనో ఇంట్లో వాళ్లే ముందు గమనిస్తారు.

కడుపు ఉబ్బి, వాంతులు అవుతూ, మలం, గాలి రెండూ ఆగిపోతే మాత్రం తెల్లారేదాకా ఆగొద్దు. పేగు మూసుకుపోయిందేమో చూడాలి. వెంటనే 108కి ఫోన్ చేయాలి.

మొలలా, మరొకటా?

ఇది చదివి ఎవరూ బెంబేలెత్తవద్దు. మలంలో నెత్తురు పడే వాళ్లలో ఎక్కువ మందికి ఉండేవి మొలలో, మలద్వారం దగ్గర చీలికో. అవి నయమయ్యేవే. చిక్కు ఎక్కడంటే మొలలున్న మనిషికే లోపల గడ్డ కూడా ఉండవచ్చు. నెత్తురు రంగు చూసి, నొప్పి ఉందా లేదా చూసి ఇది ఫలానా అని ఇంట్లో కూర్చుని తేల్చలేం. పరీక్ష చేయకుండా డాక్టరు కూడా తేల్చలేడు. అందుకే నేను చెప్పేది ఒక్కటే. మొలలే అని ఎవరన్నా అంటే "చూసి చెబుతున్నారా, చూడకుండానా?" అని అడగండి. అలా అడగడం డాక్టరును అవమానించడం కాదు. విత్తనాల సంచి మీద లాట్ నంబర్ చూసి బిల్లు అడిగే హక్కు ఎలా ఉందో ఇదీ అలాగే.

పరీక్షలు వరుసగా ఇవి. మొదట వేలితో చూడడం. నెత్తురు శాతం చూసే రక్త పరీక్ష. కంటికి కనబడని నెత్తురు మలంలో ఉందేమో చూసే పరీక్ష. వీటిలో అనుమానం వచ్చినా, లక్షణాలు తగ్గకపోయినా కొలనోస్కోపీ చేయాలి. సన్నటి గొట్టానికి కెమెరా ఉంటుంది. దాన్ని మలద్వారం గుండా పంపి పేగంతా చూస్తారు. ముందు రోజు పేగు శుభ్రం కావడానికి మందు తాగిస్తారు. బుడిపె కనబడితే చాలాసార్లు అక్కడికక్కడే తీసేస్తారు. గడ్డ ఉంటే చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుతారు.

తొందరగా పట్టుకుంటే ఏమవుతుందో అమెరికా లెక్కలు చెబుతున్నాయి. జబ్బు పేగు దాటకముందే పట్టుకున్న వాళ్లలో పదిమందికి సుమారు తొమ్మిది మంది ఐదేళ్ల తర్వాత కూడా బతికి ఉంటున్నారు. కాలేయానికో ఊపిరితిత్తులకో పాకాక పట్టుకున్న వాళ్లలో పదిమందికి ఒకరిద్దరే మిగులుతున్నారు. మా అన్న మొదటి గుంపులో ఉండాల్సిన మనిషో కాదో నాకు తెలియదు. ఆ అవకాశం మాత్రం ఆయనకు దక్కలేదు.

మా ఇంటి వెనుక వీధిలో ఒక అక్క ఉంది. అన్న పోయిన మరుసటి ఏడాది ఆమెకూ నెత్తురు కనబడింది. వదిన దగ్గరుండి తీసుకుపోయింది. డాక్టరు వేలితో చూశాడు, పైకి పంపాడు. కొలనోస్కోపీలో తేలింది. ఆపరేషన్ అయింది. ఇప్పుడు నాట్లకు పోతోంది. రెండిళ్ల మధ్య తేడా వంద గజాలే. ఆమె నెత్తురు కనబడిన పదిహేను రోజుల్లో చెప్పింది, ఆ రోజే ఎవరో ఒకరు పరీక్ష చేశారు.

సిగ్గు అనే అడ్డుగోడ

ఈ జబ్బు వచ్చే చోటే మనల్ని మాట్లాడనివ్వదు. చీకటితో లేచి చేను గట్టుకు పోయిన తరం మనది. మలం రంగేమిటో చూసుకునే వెలుతురు ఉండేది కాదు. ఇప్పుడు చాలా ఇళ్లలో మరుగుదొడ్లు ఉన్నాయి. నీళ్లు పోసే ముందు ఒక్కసారి కిందికి చూడడం అలవాటు చేసుకుందాం. అది అసహ్యం కాదు.

ఆడవాళ్ల కష్టం ఇంకా ఎక్కువ. నెత్తురు కనబడితే ముట్టు నెత్తురేమో అనుకుంటారు. నీరసమైతే ఆడవాళ్లకు అది మామూలే అంటారు. పత్తి ఏరేటప్పుడు చాటు దొరకక పొద్దంతా ఉగ్గబట్టుకుంటారు కాబట్టి మలబద్ధకం ఉన్నా ఎవరూ జబ్బుగా లెక్కపెట్టరు. మగ డాక్టరుకు చూపించుకోవడానికి మొహమాట పడతారు. తోడుగా వచ్చే నర్సమ్మను అడిగే హక్కు వాళ్లకు ఉంది.

2013 అక్టోబరులో అక్కినేని నాగేశ్వరరావు విలేకరులను పిలిచి తన కడుపులో క్యాన్సర్ ఉందని తానే చెప్పారు. అప్పటికి ఆయన వయసు 90 ఏళ్లకు అటూ ఇటూగా ఉంది. మూడు నెలలకే పోయారు కానీ, కోట్ల మంది ముందు ఆ మాట అనడానికి ఆయన సిగ్గుపడలేదు. కోట్ల మందికి చెప్పనక్కర లేదు. ఇంట్లో ఒక్కరికి చెబితే చాలు.

పట్నం వాళ్ల జబ్బా?

ఇది బాగా బలిసిన దేశాల జబ్బనే మాట వింటుంటాం. ప్రపంచంలో 2022లో 19 లక్షల మందికి పైగా ఈ జబ్బు కొత్తగా బయటపడింది. సుమారు 9 లక్షల మంది చనిపోయారు. మన దేశంలో జనాభాతో పోలిస్తే రేటు తక్కువే. అయితే మన దగ్గర వయసు తక్కువలోనే వస్తోంది. ముంబయిలోని టాటా మెమోరియల్ ఆసుపత్రి డాక్టర్లు తమ దగ్గరికి వచ్చిన 800 మంది రోగుల వివరాలు 2017లో ప్రచురించారు. వాళ్ల సగటు వయసు 47 ఏళ్లు. సగం మందికి పైగా చెప్పిన మొదటి బాధ మలద్వారం నుంచి నెత్తురే. నలభై ఏడంటే పిల్లల పెళ్లిళ్లు, చదువులు, బోరు అప్పు అన్నీ నెత్తిన ఉన్న వయసు.

పొగాకు, మద్యం, ఊబకాయం, కదలిక లేని బతుకు, పీచు తక్కువ తిండి ఈ ముప్పును పెంచుతాయి. మన తాతలు జొన్న గటుక, అంబలి, పప్పు, ఆకుకూర తిన్నారు. మనం పాలిష్ పట్టిన బియ్యం మూడు పూటలా తిని, బీడీ కాల్చి, సాయంత్రం బెల్టుషాపు దగ్గర నిలబడుతున్నాం. తల్లికో తండ్రికో తోబుట్టువుకో ఈ జబ్బు వచ్చి ఉంటే లక్షణాలు లేకున్నా డాక్టరును కలవాలి. మేం మిగిలిన ఇద్దరు తోబుట్టువులం చూపించుకున్నాం. నా పేగులో ఒక బుడిపె దొరికితే తీసేశారు. అన్న పోతూ పోతూ నన్ను కాపాడినట్టయింది.

చావుకు బీమా ఉంది, పరీక్ష ఏదీ?

ఇక సర్కారును అడగాల్సిన మాట. 2018 ఆగస్టులో రైతుబీమా మొదలైంది. 18 నుంచి 59 ఏళ్ల లోపు పట్టాదారు రైతు ఏ కారణంతో చనిపోయినా కుటుంబానికి 5 లక్షల రూపాయలు వస్తాయి. మొదటి ఏడాది ఒక్కో రైతు పేరున ప్రభుత్వం ఎల్ఐసీకి 2,271 రూపాయలకు పైగా ప్రీమియం కట్టింది. మంచి పథకమే. మా వదినకూ ఆ డబ్బు వచ్చింది. వైద్యం అప్పులకు, మిత్తికి పోయింది. భూమి పేరు మీద లేని కౌలు రైతుకు అదీ లేదు.

రైతు చనిపోయాక 5 లక్షలు ఇవ్వగలిగిన సర్కారు, బతికుండగా పరీక్ష ఎందుకు చేయలేకపోతోంది? దేశమంతా 30 ఏళ్లు దాటిన వాళ్లకు ఆశా, ఏఎన్ఎం కార్యకర్తల ద్వారా బీపీ, షుగర్‌తో పాటు నోటి, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లను వెతికే కార్యక్రమం ఉంది. ఆ మూడింటి సరసన పేగు క్యాన్సర్ లేదు. ఇంగ్లండులో యాభై దాటిన వాళ్లకు మల పరీక్ష కిట్టును ప్రభుత్వమే పోస్టులో ఇంటికి పంపుతుంది. జపాన్‌లో 1992 నుంచి నలభై దాటిన వాళ్లకు ఈ పరీక్ష ఉంది. అమెరికాలో 2021లో వయసును 50 నుంచి 45కు తగ్గించారు. మన దగ్గర అందరికీ రేపే చేయమని అడగడం లేదు. లక్షణం ఉన్న మనిషికైనా దగ్గరలో పరీక్ష అందాలి కదా!

ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరులో 10 లక్షలకు పెంచారు. క్యాన్సర్ ఆపరేషన్, కీమో, రేడియేషన్ అందులో ఉన్నాయి. హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లో ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి సర్కారుదే. జబ్బు తేలిన వాళ్లకు ఈ దారులు ఉన్నాయని ప్రతి ఊళ్లో చెప్పాలి. ఎడ్లు అమ్మకముందే చెప్పాలి. కానీ జబ్బు తేలేదాకా తిరిగే తిరుగుడు, పరీక్షల ఖర్చు చాలావరకు రైతు జేబులోంచే పోతోంది. ఆలస్యమంతా అక్కడే జరుగుతోంది. చెన్నూరు నుంచి మంచిర్యాలకు సుమారు 40 కిలోమీటర్లు. అక్కడ 2022 నుంచి ప్రభుత్వ వైద్య కళాశాల ఉంది. వేమనపల్లి రైతు, కోటపల్లి కూలీ అంతకు మించి పోనక్కర లేకుండా చేయాలి.

అందుకని మన సంఘం ఈ డిమాండ్లను ముందుకు తేవాలని ప్రతిపాదిస్తున్నాను. ఒకటి, ఆశా కార్యకర్తలు ఇంటింటికీ తిరిగి అడిగే ప్రశ్నల్లో మలంలో నెత్తురు, మల విసర్జనలో మార్పు గురించిన ప్రశ్న చేర్చాలి. రెండు, నెత్తురు పడుతోందని వచ్చిన ప్రతి మనిషికీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనే వేలితో పరీక్ష, రక్త పరీక్ష చేయాలి, మహిళల కోసం మహిళా సిబ్బంది ఉండాలి. మూడు, మంచిర్యాల ప్రభుత్వ ఆసుపత్రిలో లక్షణాలున్న వాళ్లకు కొలనోస్కోపీ ఉచితంగా, వారాల్లోపు అందాలి. నాలుగు, గ్యారంటీ వైద్యం బోర్డుల మీద వైద్యశాఖ తనిఖీ చేయాలి. ఐదు, కౌలు రైతుకూ బీమా వర్తించాలి.

సర్కారు చేసేదాకా మనం చేయగలిగింది ఉంది. ప్రతి గ్రామ కమిటీ సమావేశంలో పది నిమిషాలు ఈ లక్షణాలు చదివి వినిపించండి. ఊళ్లో వైద్యం చేసే వాళ్లను శత్రువులుగా చూడకుండా పిలిచి కూర్చోబెట్టి, నెత్తురు పడుతోందన్న మనిషిని పెద్ద దవాఖానకు పంపమని ఒప్పించండి. ఒంటరిగా పోలేని వాళ్లకు ఒక మనిషిని తోడు పంపండి. ధర్నాకు జీపు మాట్లాడినట్టే దవాఖానకూ మాట్లాడుకుందాం.

ఆఖరి రోజుల్లో అన్న నాతో అన్నాడు: "తమ్మీ, ఎద్దుకు గిట్లయితే ఎన్నడో చూపెడుదు." ఆ మాట నాకు ఇప్పటికీ వినబడుతూనే ఉంది. ఈ నెల పత్రిక చదివిన ప్రతి ఒక్కరూ ఇంట్లో పెద్దవాళ్లను ఒక్క ప్రశ్న అడగండి: "నెత్తురు గిట్ల పడుతుందా?" సిగ్గుపడి తల తిప్పుకుంటే మళ్లీ అడగండి.